యాప్‌లో ఎక్కేది కొంత, ఇంటికెళ్తే తెలిసేది కొంత

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ దాదాపు అన్నీ జనం మధ్య పనిచేసేవాళ్ళవే. అంగన్‌వాడీ టీచర్లు, సచివాలయం స్టాఫ్, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్) చదివే పిల్లలు, ఇంట్లో ముసలివాళ్ళని చూసుకునేవాళ్ళు. ఊళ్ళల్లో ఇళ్ళు పెరిగాయి గానీ ఇంట్లో ఉండే మనుషులు తగ్గిపోయారు, ఒకళ్ళు హైదరాబాద్ ఒకళ్ళు అమెరికా ఒకళ్ళు మస్కట్, మిగిలింది పెద్దవాళ్ళూ చిన్నపిల్లలూ, వాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగుల చేతిలోకేమో ఫోన్ వచ్చి కూర్చుంది. నేను ఐసీడీఎస్‌లో, అంటే అంగన్‌వాడీలు నడిపే పథకంలో, చేసి రిటైరైన దాన్ని కాబట్టి నాకు తెలిసినంతలో జవాబులు రాస్తున్నాను. అడిగినవాళ్ళ పేర్లు వెయ్యడం లేదు.

ప్రశ్న: మేడం గారండీ, నేను గోదావరి లంక ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్నండి. టేక్ హోం రేషన్ ఇవ్వాలంటే ఇప్పుడు తల్లి ముఖం ఫోన్లో మ్యాచ్ అవ్వాలండి, దానికి ముందు ఈకేవైసీకి, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడ్డానికి, ఓటీపీ రావాలి, ఆధార్‌లో నంబరేమో వాళ్ళాయనది ఉంటది, ఆయనేమో కువైట్ వెళ్ళి ఈ సిమ్ తీసేసి అక్కడి సిమ్ ఏసుకున్నాడు. సిగ్నల్ కోసం గట్టు మీదకెళ్ళి నించోవాలి. ఈ గోలలో ఇళ్ళకెళ్ళడం బాగా తగ్గిపోయిందండి. ఇదివరకు ఏ ఇంట్లో ఏం వండుకున్నారో కూడా తెలిసేది నాకు. మా ఊళ్ళో వాళ్ళే "టీచర్ గారు ఎప్పుడూ ఫోన్ చూసుకుంటారు" అంటున్నారు, చాలా బాధేస్తుంది. ఏం చెయ్యమంటారు? — అంగన్‌వాడీ టీచర్, పి.గన్నవరం మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ ఓటీపీ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ టైమంతా అదే తినేస్తోంది. ఆధార్‌లో ఫోన్ నంబర్ మార్చుకోడానికి కాగితాలేమీ అక్కర్లేదు, ఆ మనిషి స్వయంగా వెళ్ళి వేలిముద్రో కనుపాపో ఇస్తే చాలు. ఆధార్ సెంటర్‌లో చేస్తారు, పోస్టాఫీసు వాళ్ళు కూడా చేస్తారు, పోస్ట్‌మ్యాన్ దగ్గర ఆ మెషిన్ ఉంటే ఊళ్ళోకొచ్చి చేస్తాడు. మీ సెంటర్ పరిధిలో భర్త నంబరో బావగారి నంబరో ఉన్న తల్లులందర్నీ ఒక లిస్టు రాసుకుని, పోస్ట్‌మాస్టర్ గారితో మాట్లాడి ఒకరోజు సెంటర్ దగ్గరే కూర్చోమని అడగండి. ప్రతి తల్లికీ తన నంబర్ తన పేరు మీద ఉండటం ఒక్క రేషన్ కోసమే కాదు, రేపు బ్యాంకులోనైనా ఆస్పత్రిలోనైనా అవసరం పడుతుంది. పెళ్ళయ్యేదాకా నాన్న నంబరు, పెళ్ళయ్యాక మొగుడి నంబరు, ఆయన గల్ఫ్ వెళ్తే ఆవిడకి దారే లేదు, ఇది మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో ఉన్న సమస్యే.

ఇక యాప్ గురించి. పాత రోజులు బంగారం అని నేననను. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన పథకం ఇది, దశాబ్దాల పాటు రిజిస్టర్ల మీదే నడిచింది, ఆ రిజిస్టర్లు మోసిన చేతులు నావి. బరువు చూడకుండానే చార్టులో చుక్క పెట్టేసినవి చూశాను, ఊరొదిలి వెళ్ళిపోయిన పిల్లాడు రెండేళ్ళు హాజరులో ఉండటం చూశాను. 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక ఎత్తూ బరువూ కొడితే పిల్లాడు వయసుకి తగ్గట్టు ఎదుగుతున్నాడా లేదా అదే లెక్కేసి చెప్తుంది, అది మంచి పనే, ఆ లెక్క చెయ్యడానికి మనకి చాలా టైం పట్టేది. ముఖం మ్యాచింగ్ 2025 జులై నుంచి తప్పనిసరి చేశారు, రేషన్ దారి మళ్ళకూడదన్న ఉద్దేశం కూడా నాకు అర్థమవుతుంది.

అయితే పై ఆఫీసులో వాళ్ళు చూసేది యాప్‌లో కనిపించేదే. ముఖం మ్యాచ్ ఎంత శాతం అయిందని రోజూ గ్రూపులో లిస్టు పెడతారు, ఎన్ని ఇళ్ళకెళ్ళి ఎంతసేపు కూర్చున్నారని ఎవరూ లిస్టు పెట్టరు, దాంతో లెక్కలోకొచ్చే పని ముందుకొచ్చి లెక్కలోకి రాని పని వెనక్కి పోయింది. మీ ఊళ్ళో తల్లి మస్కట్‌లో ఇంటి పనికెళ్తే బిడ్డ అమ్మమ్మ దగ్గరుంటాడు, ఆవిడకి ఓపిక లేక టీలో బిస్కెట్ ముంచి పెట్టేస్తుంది, పిల్లాడు కడుపు నిండిందని ఊరుకుంటాడు, మూడు నెలలకి బరువు తగ్గుతుంది. యాప్‌లో మీకు ఎర్రరంగు కనపడుతుంది, టీ బిస్కెట్ కనపడదు. ఆ వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్న మనిషికే అది కనపడుతుంది.

అందుకని అన్ని ఇళ్ళూ తిరగాలని పెట్టుకోకండి, ఉన్న టైములో అవ్వదు. యాప్‌లో బరువు తగ్గినట్టు చూపించిన పిల్లలు, మొదటి కాన్పు గర్భిణులు, నెలలోపు బాలింతలు, తల్లి గాని తండ్రి గాని గల్ఫ్‌లో ఉన్న పిల్లలు, ఈ ఇళ్ళకి మాత్రం వారం దాటకుండా వెళ్ళండి. వెళ్ళేటప్పుడు చెయ్యి చుట్టుకొలత చూసే టేపు సంచిలో ఉంచుకోండి, ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు బిడ్డకి 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే అది తీవ్రమైన పోషకాహార లోపం, ఏఎన్ఎంకి అప్పుడే చెప్పాలి. దానికి సిగ్నల్ అక్కర్లేదు, చార్జింగ్ అక్కర్లేదు.

ఇంకోటి, ఇది లంకల వాళ్ళకి నేను ఎప్పుడూ గట్టిగా చెప్పేదే. జులై వచ్చేసరికి ఒక పేపర్ లిస్టు రాసి పెట్టుకోండి. ఏ గర్భిణికి ఏ నెలలో కాన్పు, ఎవరింట్లో మంచం మీద ఉన్న ముసలాయన ఉన్నారు, ఎవరికి డయాలసిస్, ఎవరికి ఇన్సులిన్, ఎవరి ఇల్లు పల్లంలో ఉంది. 2022 జులై వరదల్లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలినప్పుడు మీ ఊడిమూడిలంక, బూరుగులంక వైపు పరిస్థితి మీరే చూశారు, కరెంటు పోయింది, టవర్లు పడుకున్నాయి, ఫోన్లో ఉన్న లిస్టు ఫోన్లోనే ఉండిపోయింది. పడవ రేవుకి రాగానే ముందు ఎవర్ని ఎక్కించాలో ఊళ్ళో ఎవరో ఒకరికి చూడకుండా చెప్పగలిగేంత తెలిసి ఉండాలి, ఆ మనిషి చాలాచోట్ల అంగన్‌వాడీ టీచరే. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోది వచ్చేదాకా చూడకండి, మొదటి హెచ్చరికకే నెలలు నిండిన వాళ్ళని గట్టు దాటించెయ్యండి. లిస్టు మూడు కాపీలు, మీ దగ్గరొకటి, ఆశా దగ్గరొకటి, సచివాలయంలో ఒకటి.

ఫోన్ పాతదై యాప్ తిరగకపోతే, సిగ్నల్ లేకపోతే, నోటితో చెప్పి ఊరుకోకుండా తేదీ వేసి సూపర్‌వైజర్‌కి కాగితం ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి. 2023 డిసెంబర్ 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు చేసిన చెల్లెళ్ళు మీరు, అడగడం మీకు నేను నేర్పేది కాదు. ఊళ్ళో వాళ్ళ మాటకి బాధపడకండి, వాళ్ళకి మీరు కావాలి కాబట్టే ఆ మాట అన్నారు.

ప్రశ్న: నమస్తే అమ్మా. నేను సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని. ఒకటో తారీఖు పెన్షన్ ఇవ్వడానికి వెళ్తే ఒక మామ్మ గారికి వేలిముద్ర పడనే పడదు, ఆవిడ ఏళ్ళ తరబడి రొయ్యలు వలిచే షెడ్డులో చేసింది, వేళ్ళు నున్నగా అయిపోయాయి. చాలాసార్లు ప్రయత్నిస్తే గాని అవ్వట్లేదు. ఇంకో విషయం, ప్రతి ఇంట్లోనూ "కూచో నాయనా" అంటారు, నాకేమో మధ్యాహ్నానికి అన్నీ పూర్తవ్వాలని పైనుంచి ఫోన్లు. లేచి వచ్చేస్తుంటే మొహం చిన్నబోతుంది వాళ్ళకి. — భీమవరం దగ్గర్నుంచి

జవాబు: బాబూ, వేలిముద్ర పడకపోతే కనుపాప, అదీ కాకపోతే ముఖం, ఈ దారులున్నాయి కదా, ఆ మామ్మకి మొదటే ముఖంతో ప్రయత్నించండి, వేళ్ళు తుడిచి నూనె రాసి నాలుగుసార్లు నొక్కించి ఆవిడ "నా వేళ్ళు పాడైపోయినయ్యి" అని కుంగిపోయేదాకా తీసుకెళ్ళకండి. రొయ్యలు వలిచినవాళ్ళకీ, కొబ్బరి పీచు పని చేసినవాళ్ళకీ, సున్నం పని చేసినవాళ్ళకీ ఇది మామూలే. ఏదీ పని చెయ్యకపోతే? ఆధార్ సంస్థే 2017 అక్టోబర్ 24న సర్క్యులర్ ఇచ్చింది, మెషిన్ ఒప్పుకోలేదన్న కారణంతో హక్కుగా రావాల్సినది ఆపకూడదు, మినహాయింపు రిజిస్టర్‌లో రాసి ఇవ్వాలి అని. మీ ఎంపీడీవో గారికి ఆ మాట గుర్తుచేసి ముందే ఒక పద్ధతి రాయించుకోండి, ఒకటో తారీఖు పొద్దున్న అడిగితే ఎవరూ వినరు.

కూర్చోమనే వాళ్ళ గురించి రాశారే, అది చదివి నాకు మీ మీద గౌరవం కలిగింది. 2019లో 50 ఇళ్ళకి ఒక వాలంటీర్ ఉండేవారు, ఆ ఏర్పాటు మంచిచెడ్డల జోలికి నేను వెళ్ళను, 2024 జులై నుంచి మీరే ఇంటింటికీ వెళ్ళి 4000 రూపాయలు చేతికిస్తున్నారు, ఇళ్ళు ఎక్కువ, టైం తక్కువ. చాలామంది పెద్దవాళ్ళకి నెలలో పేరు పెట్టి పలకరిస్తూ గుమ్మంలోకొచ్చే బయటి మనిషి మీరొక్కరే. నా సలహా ఏంటంటే ఒకటో తారీఖున కూర్చోలేరు, కూర్చోకండి, కానీ చూడండి. పొయ్యి వెలిగిందా, మంచం పక్కన మందులున్నాయా, కిందటి నెల నడిచిన మనిషి ఈ నెల గోడ పట్టుకుంటున్నారా. ఫోన్లో ఒక్క ముక్క వాయిస్ నోట్ చేసుకోండి. అలా తేడా కనిపించిన నలుగురైదుగురి ఇళ్ళకి పదో తారీఖు లోపల సాయంత్రం పూట వెళ్ళండి. సర్టిఫికెట్ల కోసం వచ్చే కుర్రాళ్ళకి 2025 జనవరిలో 161 ప్రభుత్వ సేవలతో మొదలైన మనమిత్ర వాట్సాప్ ఎలా వాడాలో నేర్పేస్తే సచివాలయం కౌంటర్ దగ్గర మీకు కాస్త టైం మిగులుతుంది, ఆ టైం ఈ ఇళ్ళకి పెట్టండి. వాళ్ళు ఫోన్‌తో పని చేసుకోగలరు, మామ్మ చేసుకోలేదు.

ప్రశ్న: అమ్మా, మేము హైదరాబాద్‌లో ఉంటాం, అమ్మానాన్న రాజోలు దగ్గర. నాన్నకి పక్షవాతం వచ్చాక ఒకావిడని పెట్టాం, ఇంట్లో అన్ని గదుల్లో కెమెరాలు పెట్టాం. ఆఫీసులో కూర్చుని చూస్తుంటా. ఆవిడ ఫోన్ చూసుకుంటే వెంటనే కాల్ చేసి చెప్తాను. మొన్న మానేస్తానంటోంది, ఇప్పటికి ముగ్గురు మారారు. ఎలా? — ఒక కొడుకు

జవాబు: నాయనా, మీ బెంగ నాకు తెలుస్తోంది, దూరంగా ఉన్న పిల్లలకి ఆ కెమెరాయే ధైర్యం. హాల్లో ఒకటి, వీధి గుమ్మం దగ్గర ఒకటి ఉంచండి, ఎక్కడున్నాయో ఆవిడకి చెప్పి పెట్టండి. నాన్నగారి పడకగదిలోదీ, బాత్‌రూమ్ వైపుదీ తీసెయ్యండి. ఆయనకి బట్టలు మార్చేది, ఒళ్ళు తుడిచేది అక్కడే కదా, కొడుకైనా ఫోన్లో చూడటం ఆయనకి ఎంత కష్టంగా ఉంటుందో ఒకసారి అడిగి చూడండి, మాట రాకపోతే కళ్ళు చూడండి.

ఆవిడ సంగతి. పక్షవాతం మనిషిని పక్కకి తిప్పి, పుండ్లు పడకుండా చూసి, తినిపించి, అన్నీ ఎత్తిపోసి, రాత్రి కూడా లేచే పని అది. ఇదివరకు మన ఊళ్ళల్లో కోడళ్ళూ కూతుళ్ళూ జీతం లేకుండా చేసేవాళ్ళు కాబట్టి దాని విలువ ఎవరూ కట్టలేదు. ఇప్పుడు రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7కి వచ్చారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది, అంటే రేపు ఈ పని చేసే మనుషులు ఇంకా కరువవుతారు, అటు చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు కువైట్ వెళ్ళిపోతున్నారు. అలాంటప్పుడు దొరికిన మనిషిని నిలబెట్టుకోవాలి. వారానికి ఒకరోజు సెలవు, ఆ రోజుకి ఇంకో మనిషి, పడుకోడానికి చోటు, రాత్రి డ్యూటీకి వేరే డబ్బు, ఇవి మాట్లాడుకోండి. ఫోన్ చేసినప్పుడు "ఎందుకు కూర్చున్నారు" అని మొదలెట్టకుండా "నాన్న ఏం తిన్నారండి, మీరు తిన్నారా" అనండి. ఆవిడ చెప్పే దాంట్లో మీకు కెమెరాలో కనపడని సంగతులు తెలుస్తాయి, మింగడం కష్టంగా ఉందని, మూత్రం రంగు మారిందని. పక్కింటి వాళ్ళెవరైనా రోజూ ఒకసారి తొంగిచూసేలా ఏర్పాటు చేసుకోండి. అమ్మగారిని కూడా మర్చిపోకండి, ఉత్తరం మొత్తంలో ఆవిడ ఎలా ఉన్నారో మీరు రాయలేదు.

ప్రశ్న: ఇల్లు మా అబ్బాయి పేర రాసేశాను. ఇప్పుడు ఫోన్ ఎత్తడు, తిండికి ఇబ్బంది. కేసులు వెయ్యడం నాకు ఇష్టం లేదు. — పాలకొల్లు, 74 ఏళ్ళు

జవాబు: బాబాయిగారూ, కోర్టు గుమ్మం ఎక్కక్కర్లేదు. 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది, ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు, నెలకి 10,000 రూపాయల వరకూ పోషణ ఖర్చు ఇప్పించే అధికారం వాళ్ళకుంది. నన్ను చూసుకోవాలన్న షరతుతో రాసిచ్చి, చూసుకోకపోతే ఆ రాసిచ్చిందాన్ని రద్దు చెయ్యమని 23వ సెక్షన్ కింద అడగొచ్చు. దస్తావేజులో ఆ షరతు ఉంటే మీకు బలం, ఒకసారి తీసి చదివించుకోండి. ముందు 14567కి ఫోన్ చెయ్యండి, పెద్దవాళ్ళ కోసమే ఆ నంబరు, డబ్బు పడదు, అబ్బాయితో వాళ్ళు మాట్లాడి చూస్తారు కూడా. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: మేడమ్, నేను రాజమండ్రిలో ఎంఎస్‌డబ్ల్యూ చదువుతున్నా. మా ఫ్రెండ్స్ బాధొస్తే ఏఐతో మాట్లాడుకుంటున్నారు, కౌన్సెలింగ్ కూడా అదే చేసేస్తోంది. మా చదువుకి రేపు పని ఉంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. అర్ధరాత్రి రెండింటికి ఎవరూ లేనప్పుడు ఏదో ఒకటి జవాబిస్తోందంటే పిల్లలు దాని దగ్గరకెళ్తారు, వాళ్ళని తిట్టి లాభం లేదు. ఆ టైముకి మానసిక బాధలకి ఫోన్ చేసే 14416 టెలీమానస్ ఉందని, 2022 అక్టోబర్ నుంచి 24 గంటలూ నడుస్తోందని, తెలుగులో మాట్లాడతారని నీ ఫ్రెండ్స్‌లో ఎంతమందికి తెలుసో అడుగు. చచ్చిపోవాలనిపిస్తోంది అన్న మాట ఎవరి నోటైనా వస్తే ఆ మనిషిని ఒంటరిగా ఫోన్‌తో వదలకూడదు, పక్కన కూర్చోవాలి.

నీ పని ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. ఇంట్లో కొట్టించుకుంటున్న అమ్మాయికి ఫోన్ చేశావనుకో, "బాగానే ఉన్నానండి" అంటుంది, పక్కన అత్తగారుంటుంది మరి. అప్పుడు అవును కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగాలి, పక్కన ఎవరైనా ఉన్నారా, దెబ్బలు తగిలాయా, ఇప్పుడు రమ్మంటావా. ఆనక పిల్లాడి టీకా అనో డ్వాక్రా సంతకం అనో ఒక వంక పెట్టుకుని ఇంటికెళ్ళి, ఆ అమ్మాయిని నూతి దగ్గరకో చెరువు గట్టుకో తీసుకెళ్ళి మాట్లాడాలి, అవసరమైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి చెప్పి, హింసకి గురైన ఆడవాళ్ళకి అండగా ఉండే సఖి సెంటర్‌కి చేర్చాలి, పోలీస్ స్టేషన్‌లో పక్కన నించోవాలి, ఆనక ఆ ఇంటివాళ్ళు నీ మీద ఎగిరితే తట్టుకోవాలి. ఏఐ నీకు రిపోర్ట్ రాసిపెడుతుంది, చట్టం వెతికిపెడుతుంది, వాడుకో. కానీ ఆ అమ్మాయి పేరు, ఊరు, ఫొటో, మెడికల్ కాగితం మాత్రం దాంట్లో పెట్టకు, ఆ వివరాలు ఆవిడ నిన్ను నమ్మి నీకు చెప్పినవి. చదువు అయ్యేలోపు వీలైనన్ని ఊళ్ళు తిరుగు, కనకాయలంక కాజ్‌వే మునిగినప్పుడు పడవ మీద ఇంటికెళ్ళే మనుషులతో మాట్లాడు, ఆక్వా చెరువుల దగ్గర కాపలా గుడిసెల్లో పెరిగే పిల్లల్ని చూడు.

ప్రశ్న: మా మండలంలో బాల్య వివాహం ఆపామండి. అమ్మాయితో ఫొటో దిగి ఆఫీసు గ్రూపులో, ఊరి గ్రూపులో పెట్టాం, పేపర్‌లో కూడా వచ్చింది. ఇప్పుడు ఆ అమ్మాయి స్కూలుకి రానంటోంది. — సచివాలయం ఉద్యోగిని, ముమ్మిడివరం వైపు

జవాబు: రాదమ్మా, ఎలా వస్తుంది. ఊరంతా ఆ ఫొటో చూసింది. పెళ్ళి ఆపడం చాలా మంచి పని, ఫొటో పెట్టడం మాత్రం నేరం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, ఫొటో, స్కూలు, ఊరు ఏదీ బయటపెట్టకూడదు, ఆరు నెలల వరకూ జైలు గాని రెండు లక్షల వరకూ జరిమానా గాని రెండూ గాని పడొచ్చు, ముఖం మీద మసక వేసినా పక్కన వాళ్ళమ్మ కనపడితే ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. ఈరోజే అన్ని గ్రూపుల్లోనూ అందరికీ డిలీట్ చెయ్యండి, అవ్వకపోతే అడ్మిన్‌తో చేయించండి, ఫార్వర్డ్ చేసినవాళ్ళకి ఫోన్ చేసి తీసెయ్యమనండి. పై అధికారి ప్రూఫ్ అడిగితే ఫైల్లో కాగితం పంపండి, గ్రూపులో కాదు. తర్వాత ఆ అమ్మాయి ఇంటికి యూనిఫామ్‌తో గుంపుగా కాకుండా మీరొక్కరే వెళ్ళండి, తనకి ఇష్టమైన టీచర్ ఎవరో కనుక్కుని ఆవిడని తీసుకెళ్ళండి. ఊళ్ళో చదవడం ఇష్టం లేకపోతే కస్తూర్బా స్కూల్లో హాస్టల్ సీటు గురించి బాలల సంక్షేమ కమిటీతో మాట్లాడండి. మళ్ళీ పెళ్ళి మాట లేచిందని అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మా సెంటర్ దగ్గర ఒడిశా నుంచి రొయ్యల ఫ్యాక్టరీ పనికొచ్చినవాళ్ళు ఉంటున్నారు, పిల్లలు గుమ్మం దగ్గర నించుని చూస్తారు. భాష రాదు, ఆధార్ లేదు, ఎలా చేర్చుకోను? — అంగన్‌వాడీ టీచర్, కాకినాడ జిల్లా

జవాబు: చేర్చుకోవచ్చు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకి అంగన్‌వాడీలో భోజనం హక్కు, వాళ్ళు ఏ రాష్ట్రం వాళ్ళయినా సరే. పోషణ్ ట్రాకర్‌లో బిడ్డకి ఆధార్ ఉండక్కర్లేదు, తల్లి ఆధార్‌తో ఎక్కించొచ్చు, వాళ్ళ ఊళ్ళో ముందే పేరుంటే వలస కింద మీ సెంటర్‌కి మార్చుకోవచ్చు, వాళ్ళు తిరిగి వెళ్ళినప్పుడు అక్కడికి మార్చొచ్చు, ఇది కాగితం రిజిస్టర్‌తో ఎప్పటికీ అయ్యేది కాదు. భాషకి భాషిణి యాప్ ఉంది, మీరు తెలుగులో మాట్లాడితే అది ఒడియాలో చెప్తుంది, తల్లికి టీకా తేదీలూ రేషన్ సంగతీ దాంతో చెప్పండి. పిల్లలకైతే వారం తిరక్కుండానే తెలుగు వచ్చేస్తుంది. తల్లులు షిఫ్టు దిగే టైం కనుక్కుని ఆ వేళకి వాళ్ళ రూముల దగ్గరకి వెళ్ళండి, పగలు వెళ్తే తాళాలుంటాయి. యాప్‌లో పేరెక్కేదాకా ఆగకండి, రేపు పొద్దున్నే ఆ పిల్లల్ని లోపలికి పిలిచి కంచం పెట్టండి.